గులాబీ మాత్రకు తోడు సగం నిమ్మ చెక్క

బలపం కొరికే పిల్లలు ప్రతి బడిలో కనిపిస్తారు. ఇంట్లో పచ్చి బియ్యం నములుతారు, గోడ మట్టి గీకి తింటారు. లెక్క రెండో మెట్టుకు వచ్చేసరికి మొదటిది మరిచిపోతారు. మొద్దు అని ముద్ర వేసే ముందు టీచర్లు ఆ పిల్ల కింది కనురెప్ప దించి చూడాలి. పాలిపోయి ఉంటే ఇనుము లోపమేమోనని రక్త పరీక్షకు పంపాలి.

5 నుంచి 11 ఏళ్ల పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనతే. నష్టం అంతకు ముందే మొదలవుతుంది. ఒంట్లో ఇనుము తరిగినప్పుడు ఉన్నది ముందుగా ఎర్ర రక్తకణాలకే పోతుంది, మెదడు వాటాకు కోత పడుతుంది. ధ్యాస నిలపడానికి కావలసిన డోపమైన్ అనే రసాయనం మెదడులో తయారవ్వాలంటే ఇనుము ఉండాలి. అలాగని కుదురులేని ప్రతి పిల్లవాడికీ ఇదే కారణమనుకోవద్దు. చూపు, వినికిడి, నిద్ర కూడా చూడాలి.

పదేళ్లలోపు వారికి బడిలో వారానికొకటి ఇచ్చే గులాబీ మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అది లోపం రాకుండా కాపాడేందుకు. రక్తహీనత వచ్చేసిన పిల్లకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల చొప్పున రోజూ, రెండు నెలలు డాక్టరు చెప్పినట్టు వేసి, మళ్లీ పరీక్షించాలి. 20 కిలోల పిల్లకు రోజుకు 60. వారం మాత్ర వేశాం కదా అని ఊరుకుంటే అందేది అందులో తొమ్మిదో వంతే.

పరగడుపున వేస్తే కడుపులో తిప్పుతుంది, ఎప్పుడు వేసినా మలం నల్లగా అవుతుంది. తల్లిదండ్రులకు ముందే చెప్పకపోతే ఒక్క పిల్ల వాంతి చేసుకున్నా ఊరంతా మాత్రలు మానేస్తుంది. మధ్యాహ్న భోజనం తర్వాతే వేయాలి. చాయ్‌కి గంట ఎడం ఉండాలి, దానిలోని టానిన్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఇంటికిచ్చిన మాత్రలను చిన్నపిల్లలకు అందకుండా దాచాలి, ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు.

నల్లగొండ జిల్లా నకిరేకల్ మార్కెట్ నుంచి నిమ్మకాయ లారీలకెక్కి రాష్ట్రాలు దాటుతుంది. పక్కూరి బడి పప్పులో మాత్రం చుక్క పులుపు ఉండదు! ఆకుకూర, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి కావాలి. గిన్నె దించాక, కంచంలోనే పిల్లకు సగం చెక్క పిండాలి, పొయ్యి మీద పోస్తే వేడికి పోతుంది. ఎండాకాలం ధర మండుతుందంటారా, అందులో చాలా రోజులు బడులకు సెలవులే. గుడ్డు మంచిదే కానీ ఇనుముకు దాన్ని నమ్ముకోలేం.

పాలమూరు వలస పిల్లల సంగతి వేరు. ఫిబ్రవరిలో నులిపురుగులను చంపే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చే రోజుకు వారు తల్లిదండ్రులతో ఏ ఇటుక బట్టీ దగ్గరో ఉంటారు, పేగుల్లో రక్తం పీల్చే కొంకిపురుగులు వెంటే ఉంటాయి. ఊరు విడిచే రోజున రక్త పరీక్ష ఫలితం, వేసిన మాత్రల లెక్క రాసిన చీటీ ఆ తల్లి చేతిలో పెట్టాలి. చేరిన చోట ఆరోగ్య కేంద్రం అక్కడి నుంచి కొనసాగించాలి.