రెండు వేళ్లు మడిచిన పిల్లాడు

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సింహాచలం బస్సెక్కిన తల్లి కొడుకు చెవిలో చెబుతుంది: ‘కండక్టర్ అడిగితే నాలుగేళ్లని చెప్పు నాన్నా.’ వాడికి ఆరు నిండాయి. పుట్టినరోజు నుంచి ఎవరు కనిపించినా ఆరు వేళ్లు చూపిస్తున్నాడు. కండక్టర్ అడగ్గానే అమ్మ ముఖం చూసి రెండు వేళ్లు మడిచేస్తాడు.

అయిదు నిండితే హాఫ్ టికెట్టు కొట్టించాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, ఆ అబద్ధంతో తల్లికి మిగిలింది వాడి హాఫ్ టికెట్టు డబ్బులే.

పసితనం పోవడమంటే లోకం తెలియడం అనుకుంటాం. అది పొరపాటు. తనకు తెలిసింది అవతలివాళ్లకు తెలియకపోవచ్చన్న ఊహ నాలుగేళ్ల ప్రాంతంలోనే వస్తుంది. అబద్ధమాడే తెలివీ దానితోనే పదునెక్కుతుంది. మూతికి చాక్లెట్ ఉండగానే తినలేదనడం ఎదుగుదలే, కంగారు పడక్కర్లేదు. బస్సులో జరిగింది వేరు. ఆ అబద్ధం వాడిది కాదు, ఇంటిది. నిజం చెబితే అమ్మకు ఇబ్బందని వాడికి ఆ క్షణంలో అర్థమైంది. గడుసుతనానికి అక్షరాభ్యాసం అక్కడే జరిగిపోయింది.

కష్టం చెబితే పసిమనసు నలిగిపోతుందన్న భయం కూడా చాలావరకు మనదే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, సముద్రంలో మరపడవలకు చేపల వేట నిషేధం. విశాఖ పెదజాలారిపేటలో వేటకెళ్లే ఓ తండ్రి ‘ఇప్పుడు డబ్బుల్లేవు, జూన్‌లో వేట మొదలయ్యాక సైకిల్ కొందాం’ అంటే ఏడెనిమిదేళ్ల పిల్ల కేలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ ఆగగలదు. ‘రేపు, రేపు’ అని దాటేస్తేనే నాన్న మాట తేలికైపోతుంది.

చావు గురించి చెప్పడం అన్నిటికంటే కష్టం. ‘తాతయ్య నిద్రపోయాడు’ అంటే కొందరు పిల్లలు పడుకోవడానికే భయపడతారు. ‘ఊరెళ్లాడు’ అంటే గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. ‘చనిపోయాడు, ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది, ఇక రాడు’ అనాలి. అయిదేళ్ల లోపు వాళ్లు అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వేస్తారు, ఎందుకంటే తిరిగి రాకపోవడమన్నది వాళ్లకింకా అందదు. పదిసార్లడిగినా అవే మాటల్లో చెప్పాలి. ఏడుపొస్తే వాళ్లముందే ఏడవచ్చు.

బస్సులో ఇప్పటికే అబద్ధం చెప్పించేసి ఉంటే? కొండ కింద దిగగానే ‘నీకు ఆరేళ్లే. నేనే తప్పు చెప్పించాను’ అనాలి. ‘చిల్లర లేక...’ అంటూ సాగదీయకూడదు, వాడికి ఆ సాకే గుర్తుండిపోతుంది. తిరుగు బస్సులో హాఫ్ టికెట్టు తీసుకుని, వాడి చేతికే ఇవ్వాలి.