కేసుంటే ‘లేదు’ అని రాయమన్న మహానుభావుడికి

మా టెక్కలి వైపు నర్సింగ్ చదివిన పిల్లల ఫోన్లన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. కక్షిదారులు పంపారు, మేనకోడళ్లు పంపారు, ఆఖరికి మా గుమస్తా కూడా ‘నిజమేనా సార్’ అంటూ నాకే పంపాడు. అందులో ఉన్నది ఇదీ. కేసున్నవాళ్లకి అమెరికాలో నర్సింగ్ లైసెన్స్ ఇవ్వరట. ఒకసారి కాదంటే జన్మలో రాదట. అప్పీలంటే లాయర్లకి డబ్బు పొయ్యడమేనట. లోక్ అదాలత్‌లో రాజీ పడ్డా శిక్ష పడినట్టేనట. కాబట్టి దరఖాస్తులో ‘లేదు’ అని రాసెయ్యాలట, శ్రీకాకుళం పోలీసు రికార్డు అమెరికాకి ఎలా కనపడుతుందని! చివర ‘నర్సు అక్కచెల్లెళ్లందరికీ పంపండి’ అని దండం బొమ్మలు.

జన్మలో రాదన్నవాడు ఏ రాష్ట్రం చూసి చెప్పాడో. అక్కడ లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రానికో నర్సింగ్ బోర్డు, బోర్డుకో చట్టం. కాలిఫోర్నియాలో తిరస్కరణ నోటీసు వచ్చాక 60 రోజుల్లోగా రాతపూర్వకంగా విచారణ కోరవచ్చు. అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి వింటాడు. అక్కడా ఓడిపోతే మామూలుగా ఏడాది ఆగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పైగా 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, కొన్ని తీవ్రమైన నేరాలు తప్పిస్తే, ఏడేళ్లు దాటిన శిక్షను చూపి కాదనడానికి ఆ బోర్డుకి వీల్లేదు. టెక్సాస్‌లోనైతే కోర్సులో ఉండగానే ‘నా కేసు ఇదీ, నాకు అర్హత ఉంటుందా’ అని బోర్డునే అడిగి తేల్చుకోవచ్చు.

లాయర్లకి డబ్బు అన్న ముక్క మీద నేనేం మాట్లాడను, నేనూ లాయరునే. ఆ విచారణకి లాయరు లేకుండా కూడా వెళ్లొచ్చని మాత్రం చెప్తాను.

లోక్ అదాలత్ సంగతి తలకిందులుగా రాశాడు. రాజీకి వీలున్న కేసులో కోర్టు రాజీ నమోదు చేస్తే నిందితుణ్ని నిర్దోషిగా వదిలినట్టేనని క్రిమినల్ కేసులు నడిపే పాత చట్టం సీఆర్‌పీసీ 320లో ఉంది, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లోనూ ఉంది. మన దగ్గర నర్సింగ్ పిల్లలు ఇరుక్కునే కేసుల్లో నేను తరచూ చూసేది అన్న మీద వదిన పెట్టిన 498ఏ, అంటే అత్తింటి వేధింపుల కేసు. ఆ గొడవలో తప్పెవరిదన్నది నేనిక్కడ తేల్చేది కాదు గానీ, ఆడపడుచు హాస్టల్లో ఉన్నా ఏ4గానో ఏ5గానో, అంటే నాలుగో ఐదో నిందితురాలిగా, పేరెక్కుతుంది. మన రాష్ట్రం 2003లో చేసిన సవరణతో ఆ కేసులు కోర్టు అనుమతి మీద రాజీ అయ్యేవి. అలా పోయిన కేసు శిక్ష కాదు. శిక్ష ఏదయ్యా అంటే, ‘ఎందుకొచ్చిన గొడవ, ఒప్పేసుకుని ఫైన్ కట్టేయ్’ అని పెద్దలంటే కోర్టులో తలూపి కట్టొచ్చిన ఐదొందలు. దాన్ని ఇంట్లో ఎవరూ కేసు కింద లెక్కెయ్యరు. రాజీ పడ్డదానికి మాత్రం టెన్షన్ పడి చస్తారు.

ఇక అసలు విషం, ఆ ‘లేదు’ అని రాయమనడం. బోర్డు చేయించే ఎఫ్‌బీఐ వేలిముద్రల తనిఖీలో మన స్టేషన్ కేసు కనపడదనే అనుకుందాం. తరవాత? అక్కడ స్థిరపడే వీసాకి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. అది విశాఖ పాస్‌పోర్టు ఆఫీసు ఇవ్వాలి, దాని విచారణ మళ్లీ మన స్టేషన్‌కే వస్తుంది. వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. అక్కడ అవునంటే బోర్డుకి చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. అక్కడా లేదంటే వీసా కోసం అబద్ధమాడినట్టు. ముఖ్యమైన విషయంలో అలా దొరికితే వలస చట్టం కింద పడేది ఏడాదో రెండేళ్లో కాదు, జీవితాంతం ప్రవేశ నిషేధం. ఐదొందల ఫైను కేసుని జీవితకాల నిషేధంగా మార్చే ఉపాయం కనిపెట్టిన ఈ మహానుభావుణ్ని శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్లో సన్మానించాలి. శాలువా ఖర్చు నాది.

లైసెన్స్ చేతికొచ్చాక బయటపడినా అంతే. మోసంతో లైసెన్స్ తీసుకున్నారన్నది దాన్ని రద్దు చెయ్యడానికి విడిగా ఒక కారణం. నర్సు చార్టులో రాసింది నమ్మే డాక్టరు తర్వాతి డోసు నిర్ణయిస్తాడు. పాత తప్పుని వదిలేసే బోర్డు అబద్ధాన్ని వదలకపోవడంలో వింతేముంది? మీరు చెయ్యాల్సింది ప్రశ్న పూర్తిగా చదవడం. శిక్ష పడిందా అని మాత్రమే అడిగితే, రాజీలో కేసు పోయిన పిల్ల లేదని నిజాయితీగానే రాయొచ్చు. అరెస్టయ్యారా అని అడిగారా, అయి ఉంటే రాయాల్సిందే.

ఆ మెసేజ్ మధ్యలో ఒక నిజం కూడా ఉంది. ‘లైసెన్స్ వచ్చినా వీసా రాకపోవచ్చు’ అన్నాడు. ఒప్పుకుంటాను. బోర్డు క్షమించిన కేసుని వీసా అధికారి క్షమించాలని లేదు, ఆ చట్టం లెక్కలు వేరు. నేను ఇంకోటి కూడా కలుపుతాను. 40కి పైగా రాష్ట్రాల్లో చెల్లే ఉమ్మడి లైసెన్స్, ఫెలనీ అనే పెద్ద నేరంలో శిక్ష పడినవాళ్లకి రాదు. బోర్డు ఒప్పుకుంటే ఆ ఒక్క రాష్ట్రానికి పనికొచ్చేది తీసుకోవాలి. తిరస్కరణని దాచుకుందామన్నా కుదరదు, ఇంకో రాష్ట్రం ఫారం ‘ఎక్కడైనా లైసెన్స్ కాదన్నారా’ అని అడుగుతుంది. అందుకే మొదటి చోటే గట్టిగా పోరాడమంటాను.

పోరాటమంటే కన్నీళ్ల ఉత్తరం కాదు. ఆ నేరానికీ నర్సు పనికీ సంబంధమేమిటి, ఎన్నేళ్లయింది, ఆ తర్వాత మనిషి ఎలా ఉంది, ఇవి చూస్తారు. వార్డులో మందులు దొంగిలించిన కేసూ వీధి గొడవ కేసూ ఒకటి కావు. అక్కడికెళ్లాక తాగి కారు నడిపి దొరికినవాళ్లయితే చికిత్స కాగితాలు పెట్టాలి. నర్సింగ్ సూపరింటెండెంట్ ఇచ్చే ఉత్తరంలో ‘కేసు సంగతి తెలిసే రాస్తున్నాను’ అన్న వాక్యం ఉండాలి, లేకపోతే ఆ పొగడ్తకి బరువుండదు. ఫలితం కూడా అవును, కాదు అని రెండే కాదు. కొన్నేళ్లు పర్యవేక్షణలో పనిచెయ్యమని షరతులతో ఇచ్చే లైసెన్సూ ఉంది.

మన వైపు నుంచి కావలసినవి ఛార్జిషీటు, తీర్పుల సర్టిఫైడ్ కాపీలు, ఫైన్ కట్టిన రుజువు, తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లీషు అనువాదం. పాత రికార్డు తీసేశామని కోర్టువాళ్లంటే, తీసేశామనే కాగితం మీద రాయించుకోండి. ఒక్కటి మాత్రం దయచేసి చెయ్యకండి. ‘ఏదో కేసు సార్, నరసన్నపేటలో, అప్పుడెప్పుడో’ అని కాపీ కోసం రాకండి. కోర్టు కేసుకిచ్చే సీసీ నంబరు గుర్తులేకపోతే ముందు స్టేషన్‌కెళ్లి ఎఫ్ఐఆర్ మీదుండే క్రైమ్ నంబరు, సంవత్సరం కనుక్కుని రండి.