కుక్కలంటే నాకు ప్రాణం

బ్రిటన్‌లో ఉద్యోగం పోయి యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి మీద బతికేవాడు ఖాళీగా ఉంటాడనుకుంటే పొరపాటు. మామూలుగా వారానికి 35 గంటలు ఉద్యోగం వెతకాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కూడా నేను అన్ని గంటలు నిజంగా పనిచేసి ఎరగను.

వీసా మీద వచ్చినవాళ్లలో చాలామందికి ఈ డబ్బు రాదు. నాకు శాశ్వత నివాసం ఉంది కాబట్టి వచ్చింది. దాని వెంటే క్లెయిమెంట్ కమిట్‌మెంట్ అనే ఒప్పందం, మన ఉద్యోగ వేటను గమనించే వర్క్ కోచ్ అనే మేడమ్, ఆన్‌లైన్ జర్నల్ అనే చిత్రగుప్తుడి చిట్టా కూడా వచ్చాయి. ఎక్కడ అప్లై చేశామో, ఎంతసేపు వెతికామో అందులో రాయాలి.

మొదటి వారం నిజాయితీగా లెక్కేశాను. సీవీ దిద్దడం రెండు గంటలు. వెబ్‌సైట్లు తిరగడం ఏడు. మర్చిపోయిన పాస్‌వర్డ్ మార్చుకోవడం గంటన్నర. ఎలా కూడినా పదకొండు దాటలేదు.

మా బావమరిది ఉపాయం చెప్పాడు. "ఒకే లెటర్ రాసిపెట్టుకో బావా. కంపెనీ పేరూ పనీ మార్చి పంపుతూ పో."

రాశాను. 'చిన్నప్పటి నుంచీ నాకు ఫలానా అంటే ప్రాణం' అని. గోడౌన్‌కి పంపితే అట్టపెట్టెలంటే ప్రాణం. లాండ్రీకైతే దుప్పట్లంటే ప్రాణం. ఇరవై చోట్ల ప్రాణం పెడితే ఒక్కచోట నుంచి పిలుపొచ్చింది. కుక్కలకి స్నానం చేయించి జుట్టు కత్తిరించే సెలూన్.

వీధి చివర కుక్క కనిపిస్తే పక్క వీధిలోంచి ఇల్లు చేరే మనిషిని నేను.

"వెళ్లను" అన్నాను.

మా ఆవిడ ఏమీ అనకుండా ఒప్పందం తెరిచి ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇంటర్వ్యూ ఎగ్గొడితే సాంక్షన్, అంటే డబ్బులో కోత. పోనీ వెళ్తే? పొరపాటున వాళ్లు ఉద్యోగం ఇచ్చారంటే, సరైన కారణం లేకుండా కాదన్నందుకు మొదటిసారికే 91 రోజుల కోత పడొచ్చు. కుక్క భయం సరైన కారణమే కావచ్చు, కానీ ప్రాణమని రాసిచ్చింది నేనేగా! ఉద్యోగం రాకూడదని దేవుడికి మొక్కుకుని ఇంటర్వ్యూకి వెళ్లినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

యజమానురాలు నా లెటర్ చేత్తో పట్టుకుని, "చదువుతుంటే కళ్లు చెమర్చాయండీ" అంటూ లోపలి తలుపు తీసింది. దిండంత కుక్కపిల్ల ఒకటి వచ్చి నా బూటు వాసన చూసింది. అంతే. కరవలేదు, మొరగలేదు. పాపం దానివైపు తప్పేమీ లేదు.

బల్ల ఎప్పుడెక్కానో నాకు తెలీదు. కుక్కల్ని నిలబెట్టి జుట్టు కత్తిరించే బల్లట అది. పైన పట్టీ తగిలించే కొక్కెం కూడా ఉంది. ఆవిడ చాలాసేపు నన్నే చూసి, మిగతా ప్రశ్నలు నేను పైనుండగానే అడిగేసింది.

మొక్కు ఫలించింది. జర్నల్‌లో ఉన్నదున్నట్టు రాశాను: "ఇంటర్వ్యూ ముప్పావుగంట, అందులో అరగంట బల్ల మీద."

తర్వాతి అపాయింట్‌మెంట్‌లో మేడమ్ అది చదివి, నవ్వు ఆపుకోవడానికి కాసిని నీళ్లు తాగింది. తర్వాత కంప్యూటర్ నావైపు తిప్పింది.

"జంతువుల పని మీద మీకు ఆసక్తి ఉందని ఇక్కడ ఎక్కింది. గుర్రాలతో మీకేమీ ఇబ్బంది లేదు కదా?"