పెన్సిల్‌తో గీకితే ఎఫ్‌పీఎస్ ఊడిపడదు

మా బల్లార్షా గ్రూపుల్లో ఈ వారం నాలుగోసారి అదే మెసేజ్. "పాత గ్రాఫిక్స్ కార్డు పడేయకండి, చిప్ పక్కనున్న రెసిస్టర్ మీద పెన్సిల్ గీకండి, వోల్టేజ్ పెరిగి ఎఫ్‌పీఎస్ (గేమ్‌లో సెకనుకి పడే బొమ్మలు) 40 శాతం ఎక్కువొస్తుంది, నచ్చకపోతే రబ్బరుతో చెరిపేయండి." పంపినవాళ్ళలో మా బావమరిది కూడా ఉన్నాడు. వాడింట్లో కంప్యూటరే లేదు.

అదే మెసేజ్‌లో, ఇంటి కరెంటు 240 వోల్టులుంటే గేమ్ ఇంకా స్పీడట. మరి ఆ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడా తగ్గించి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ దేనికి పెట్టారు, దిష్టికా? వారంటీవాళ్ళు కనిపెట్టలేరట. ఐదేళ్ళు దాటిన కార్డుకి వారంటీ ఎక్కడిది నాయనా!

40 శాతం సంగతి చూద్దాం. జీటీఎక్స్ 1060 కార్డులో చిప్ స్పీడు మామూలుగానే 1900 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది, ఎన్ని తంటాలు పడ్డా 2100 దగ్గర మొండికేస్తుంది. అంటే పదో పదకొండో శాతం, ఎఫ్‌పీఎస్‌లో అంత కూడా కనిపించదు. వేడి మాత్రం వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, 10 శాతం వోల్టేజ్ ఎక్కిస్తే స్పీడు పెంచకముందే 21 శాతం. మే నెలలో 46 డిగ్రీలు కాసే మన చంద్రపూర్ జిల్లాలో! దానికి మెసేజ్ చెప్పే వైద్యం ఏమిటంటే క్యాబినెట్ మూత తీసి కూలర్ ముందు పెట్టడం. గడ్డి ప్యాడ్ల తడిగాలి, బోరునీళ్ళ ఉప్పు, పైన బొగ్గు దుమ్ము, ఇంకా నయం, పోపు పెట్టమనలేదు.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది "చెరిపేయండి" అన్న మాట. మా కాలనీలో బారావీ (పన్నెండో తరగతి) చదివే కుర్రాడు కార్డు పట్టుకొచ్చి, "అన్నా, చెరిపేసిన గదా, మరి డిస్‌ప్లే ఎందుకు వస్తలేదు?" అన్నాడు. ఆ రెసిస్టర్ పొడవు ఒక మిల్లీమీటర్, నువ్వుగింజ కన్నా చిన్నది. వాడు గీసిన గీత పక్కన ఇంకో మూడింటి మీద నుంచి పోయింది. గ్రాఫైట్, అంటే పెన్సిల్ ముల్లు పొడి, పడితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, ఆ రెసిస్టర్ ద్వారానే వోల్టేజ్ చూసుకునే కంట్రోలర్ చిప్ అది పడిపోయిందనుకుని ఇంకా తోస్తుంది, ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. కార్డు లెక్కలు చూపించే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే పాత అంకే కనిపిస్తుంది, ఎందుకంటే అది చాలా కార్డుల్లో అడిగిన వోల్టేజ్‌ని చూపిస్తుంది, అందుతున్నదాన్ని కాదు. అసలు సంగతి మల్టీమీటరుకే తెలుస్తుంది, అది వాడి దగ్గర లేదు. స్విచ్ వేసిన క్షణంలో కాలినదాన్ని రబ్బరు ఏం చేస్తుంది, ఓదారుస్తుందా?

కంపెనీలు కావాలనే వోల్టేజ్‌కి తాళం వేస్తాయన్నది మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. ఎందుకు వేశారంటే, 2011లో జీటీఎక్స్ 590కి వోల్టేజ్ పెంచిన రివ్యూవాళ్ళ కార్డులు కొన్ని టేబుల్ మీదే కాలిపోయాయి. ఇంకోటి కూడా చెప్పేస్తాను, పాత 8800 జీటీ కార్డుల రోజుల్లో నేనూ పెన్సిల్ గీకినవాణ్ణే. పనిచేసింది కూడా. డిసెంబరు చలిలో, ఒక చేత్తో మల్టీమీటర్ పట్టుకుని, ఒక్కో గీతకీ ఒకసారి కొలుచుకుంటూ. ఆ కార్డు తర్వాత రెండేళ్ళు బతికింది.

ఇప్పుడు నా 1060ని తగ్గించి వాడుతున్నాను, 1.05 నుంచి 0.9 వోల్టులకి. స్పీడు దాదాపు అంతే, వేడి పావు వంతు తగ్గింది, ఖర్చు సున్నా. ఇది ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. సరే, ఈసారి ఆ మెసేజ్ పంపేవాళ్ళు ముందు మీ కార్డు మీద మల్టీమీటర్ పెట్టి ఫోటో తీసి పంపండి. బావా, నువ్వు కంప్యూటర్ కొన్నాక.