అడగకపోవడం వాళ్ల తప్పు కాదు

ఒకే పని చేస్తున్నా ఆడవాళ్లకు జీతం ఎందుకు తక్కువ అంటే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: 'వాళ్లు మెతక మనుషులు, గట్టిగా అడగరు.' జీతం ఖాయం చేసేవారిని వదిలేసి, పుచ్చుకునేవారి స్వభావంలో తప్పు వెతికే ఈ మాటను మేం ఒప్పుకోం.

స్వభావానికీ సంపాదనకూ సంబంధం ఉన్న మాట నిజమే. కానీ అమెరికాలో 2012లో వెలువడిన ఒక పరిశోధన ఏం తేల్చిందో చూడండి. సర్దుకుపోయే మగవాళ్ల కంటే సర్దుకుపోని మగవాళ్లు దాదాపు 18 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఆడవాళ్లలో ఆ తేడా 5 శాతమే. అదే మొండితనం మగవాడిలో ఉంటే సమర్థత, ఆడమనిషిలో ఉంటే పొగరు. ఆస్ట్రేలియాలో 4,600 మంది ఉద్యోగులను పరిశీలించిన 2018 నాటి అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. జీతం పెంచమని ఆడవాళ్లూ మగవాళ్లలాగే అడుగుతున్నారు. అడిగితే పెంపు దక్కింది మాత్రం మగవాళ్లలో 20 శాతం మందికి, ఆడవాళ్లలో 15 శాతం మందికి. ఇక ఆడవాళ్లకు అడగడం నేర్పాల్సింది ఏముంది? వేతన వ్యత్యాసంలో స్వభావం వాటా పెద్దదేమీ కాదని ఆర్థికవేత్తలు బ్లౌ, కాన్ 2017లోనే తేల్చారు.

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ఇంటర్వ్యూకి వెళ్తే హెచ్‌ఆర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, 'ఇప్పటి సీటీసీ (ఏడాది మొత్తం జీతం ప్యాకేజీ) ఎంత?' ఆఫర్ లెటర్ రావాలంటే పాత పే స్లిప్పులూ పంపాలి. పిల్లల కోసం రెండేళ్లు ఆగి తిరిగొచ్చిన అమ్మాయికి ఆ పాత అంకే కొత్త జీతానికి కొలత అవుతుంది. ఒక చోట జరిగిన అన్యాయం ఉద్యోగం మారినా వెంట వస్తుంది.

ఒకే పనికి జీతంలో లింగ వివక్ష చూపరాదని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. కానీ పాత జీతం అడగొద్దని ఏదీ అనలేదు. యూరోపియన్ యూనియన్ 2023లో ఆ ప్రశ్నను నిషేధించింది; జీతం ఏ స్థాయిలో ఉంటుందో ఇంటర్వ్యూకి ముందే అభ్యర్థికి తెలియజేయాలంది. మన దగ్గరా అదే నిబంధన రావాలి. కేంద్రం కదిలేదాకా ఆగక్కర్లేదు. భూములు, రాయితీలు ఇచ్చి కంపెనీలను పిలుస్తున్న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఆ ఒప్పందాల్లోనే ఈ షరతు పెట్టాలని మేం కోరుతున్నాం.