పేరు తెలియనంత మాత్రాన అది పిచ్చి మొక్క అయిపోదు

మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాయో లేదో మా పెరడంతా పచ్చగా కమ్ముకుంది. నల్లగొండలో పానగల్లు వైపు ఇల్లు మాది, ఎర్ర చలక నేల. ఎండాకాలమంతా నెర్రెలిచ్చిన ఆ నేలలో ఇప్పుడు అడుగు పెట్టే సందు లేదు. ఇంటికి వచ్చిన ప్రతివారిదీ ఒకటే సలహా: "పిచ్చి మొక్కలు పెరిగిపోయాయి, గడ్డిమందు కొట్టించండి." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ మొక్కనైనా దగ్గరగా చూశారా? పేరు అడిగారా?

పోయినేడు నేనూ ఆ సలహా విన్నాను. మనిషిని పిలిపించి మందు కొట్టించాను. వారం తిరిగేసరికి పెరడు గోధుమరంగుకు మారింది. మా పక్కింటి అవ్వది దేవరకొండ దగ్గర పల్లె. గోడ మీదుగా తొంగి చూసి, "బిడ్డా, చవితికి తుమ్మికూర నీ పెరట్లోనే తెంపుకుందామనుకున్నాను కదా, అంతా కాల్చేశావా?" అంది. నాకు నోట మాట రాలేదు. చవితి నాడు తుమ్మికూర వండుకోవడం మా ఇళ్లలో ఆనవాయితీ. ఆ తుమ్మి ఎలా ఉంటుందో నలభై ఏళ్లు దాటినా నాకు తెలియదు. అంతటితో అయిపోలేదు. బతుకమ్మకు బజారులో రంగులద్దిన గునుగు కట్టలు బేరమాడి కొన్నాను. మా ప్రహరీ పొడవునా మొలిచి మందుకు మాడిపోయినదీ గునుగేనని తరువాత అవ్వ చెబితే తెలిసింది.

ఈసారి అవ్వను వెంటబెట్టుకుని పెరడంతా తిరిగాను. ఇరవైకి పైగా రకాలు తేలాయి. కాండాన్ని వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలుగా తగిలేది, తెల్లటి చిన్న పూలు గుత్తిగా పూసేది తుమ్మి. చీర కుచ్చిళ్లకు గింజలు అంటించి పంపేది ఉత్తరేణి. వినాయకుడి ఇరవై ఒక్క పత్రిలో "అపామార్గ పత్రం పూజయామి" అని చదువుతూ మనం వేసేది ఇదే. వేస్తున్నామా అసలు? బజారులో అమ్మే పత్రి కట్టలో ఏ ఆకు ఏదో చూసేవారెవరు? ఆ పూజ ఏటా జరిగే మొక్కల పాఠం. మనం మంత్రాన్ని మాత్రం మిగుల్చుకుని ఆకును వదిలేశాం.

ఫోనులో ఫొటో తీస్తే పేరు చెప్పే సౌకర్యం వచ్చింది కదా అంటారు. వచ్చింది, నేనూ వాడతాను. కానీ ఒక్క ఆకును ఫొటో తీస్తే అది చెప్పేది ఊహ మాత్రమే. నేల మీద పరుచుకున్న మందపాటి ఆకుల తీగను చూపిస్తే నా ఫోను గంగవాయిలు కూర అంది. అవ్వ ఒంగి చూసి కాదంది. "ఎదురెదురు ఆకులు చూడు బిడ్డా. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇది గలిజేరు." పువ్వు వచ్చాక నేనే సరిచూసుకున్నాను. గంగవాయిలుకైతే పసుపు పువ్వు రావాలి, దీనికి లేత గులాబీ రంగు పువ్వు వచ్చింది. అందుకే పువ్వు, కాయ, ఆకు అమరిక, తుంచితే పాలు వస్తాయా లేదా, నలిపితే వాసన ఏమిటి, ఇవన్నీ చూశాకే పేరు పెట్టాలి. అటికమామిడిని కూడా కొన్ని ఊళ్లలో ఎర్ర గలిజేరు అంటారు. ఒకే పేరుకు రెండు మొక్కలు. ఈ చిక్కు తప్పించడానికే 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ వృక్షశాస్త్రవేత్త స్థిరపరచిన రెండు మాటల శాస్త్రీయ నామాలు ఉన్నాయి. నా నోటుపుస్తకంలో అవ్వ చెప్పిన పేరు పక్కనే ఆ పేరు కూడా రాసుకుంటున్నాను. రెండూ ఉండాలి.

ఇక రెండో రకం మనుషులు. వీళ్లకు పిచ్చి మొక్కే ఉండదు, కనిపించిన ప్రతిదీ దివ్యౌషధమే. మొన్న మా మరిది ఏదో వీడియో చూసి, కామెర్లకు పసరు తీస్తానని గుప్పెడు మొక్కలు పీక్కొచ్చాడు. "వదినా, ఇదంతా నేల ఉసిరే" అన్నాడు. ఒక్కొక్కటే తీసి రెమ్మ తిరగేశాను. నేల ఉసిరికి రెమ్మ కింద ఆకుల వెంబడే చిన్న పచ్చటి కాయలు వరుసగా వేలాడతాయి. నాలుగు మొక్కలకు అవి కనిపించాయి. అయిదోదానికి లేవు. కాండం తుంచాను. తెల్లటి పాలు బొట్టుగా ఉబికి నా గోరు మీదికి జారాయి. అది నానబాలు జాతి మొక్క. నేల ఉసిరికి పాలు రావు. ఆ గుప్పెడూ నూరి ఒక మనిషి చేత తాగించేవాడు! కామెర్లు వస్తే రక్తపరీక్ష చేయించి డాక్టరుకు చూపించాలని ఇంట్లో ఆ రోజు గట్టిగానే చెప్పాను.

కసివింద అనే మొక్క సంగతి ఇంకా భయంకరం. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో పిల్లలు ఏళ్ల తరబడి అంతుచిక్కని మెదడు జబ్బుతో చనిపోతుంటే, వాళ్లు తిన్న కసివింద గింజలే కారణమని చివరికి వైద్యులు తేల్చారు. మనం లేత ఆకు వండుకునే తగిరిసకు ఇది దగ్గరి చుట్టం. తగిరిసకు మూడు జతల గుండ్రటి ఆకులు, కసివిందకు కొన తేలిన ఆకులు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ తేడా తెలిసి తీరాలి.

పీకవలసినవి పీకాల్సిందే, అందులో రెండో మాట లేదు. 1950ల్లో దిగుమతి గోధుమలతో పాటు వచ్చిందని చెప్పే వయ్యారిభామకు నా పెరట్లో చోటు లేదు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. చర్మానికి దురద, కొందరికి ఆయాసం తెస్తుంది. వాన పడి నేల మెత్తబడ్డాక, పూత రాకముందే, చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేరుతో లాగేశాను. రెండు ఉదయాలు పట్టింది. దానికి మందు ఎందుకు? గ్లైఫోసేట్ అనే గడ్డిమందుకు తుమ్మీ తెలియదు, వయ్యారిభామా తెలియదు. శిక్షణ పొందిన తెగులు నివారణ సిబ్బంది తప్ప దాన్ని ఇతరులు వాడకూడదని 2022లో కేంద్రం ఆంక్ష పెట్టింది. పారాక్వాట్ అనే మరో గడ్డిమందు కడుపులోకి పోతే విరుగుడే లేదు. అలాంటి సీసాలు పిల్లలు తిరిగే ఇళ్లలో, మెట్ల కింద పడి ఉంటున్నాయి!

మా ప్రహరీ పక్కన ఈసారి గునుగు రెండు వరుసలు వదిలేశాను, నడుము ఎత్తు వచ్చింది. బతుకమ్మకు మా వీధిలో ఎవరికి కావాలన్నా వచ్చి కోసుకోండి. కత్తెర తెచ్చుకోండి, వేరుతో సహా పీకకండి. గింజ రాలితేనే వచ్చే ఏడు మళ్లీ మొలుస్తుంది. బావి గట్టు దగ్గరున్న తుమ్మి మాత్రం అవ్వది. అడిగి తీసుకోండి.