కుర్చీ ఎక్కగానే ఆగిపోయే ఆత్మకథలు

ఈమధ్య చదివిన పుస్తకాల్లో నవలలూ ఉన్నాయి, స్వీయచరిత్రలూ ఉన్నాయి. చాలావరకు మా వైపువే. శ్రీకాకుళం, విజయనగరం, కాస్త అటు బరంపురం, ఇటు విశాఖపట్నం. కొన్ని కొత్తగా చదివాను, కొన్ని కాలేజీ రోజుల్లో హడావుడిగా ముగించి ఇప్పుడు మళ్ళీ తీశాను. వరసగా చదువుతుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. మన పెద్దలు చిన్నతనం గురించి చెప్పినంత ధారాళంగా ఉద్యోగం గురించి చెప్పరు. మనిషికి జీతం, హోదా, నలుగురి మీద పెత్తనం వచ్చే వేళకి పుస్తకం అయిపోతుంది, లేదా చప్పబడిపోతుంది.

ఆదిభట్ల నారాయణదాసు 'నా యెఱుక'నే తీసుకోండి. 1864లో అజ్జాడలో పుట్టిన ఈ హరికథా పితామహుడు తన కుర్రతనపు ఆగడాలు, ఆడవాళ్ళతో పరిచయాలు ఏ మొహమాటమూ లేకుండా రాసుకున్నాడు. ఇవాళ అంత తెగువ చూపించే పెద్దమనిషి దొరకడు. ఆనందగజపతి నాటి విజయనగరం, సభలు, పండితుల పంతాలు, అన్నీ ఉన్నాయి. పుస్తకం నన్ను కూర్చోబెట్టి చదివించింది. తీరా చూస్తే కథ ఆయన ముప్ఫయ్యో ఏడు ప్రాంతంలోనే ఆగిపోతుంది. ఆయన బతికింది 1945 దాకా. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ద్వారం వెంకటస్వామినాయుడు లాంటివాళ్ళు పనిచేసిన కాలేజీ అది. ఎవరిని తీసుకోవాలి, ఎవరికి నచ్చజెప్పాలి, రాజావారి కోటకీ క్లాసు గదికీ మధ్య ఎలా నెట్టుకొచ్చాడు? ఇవి ఆయన చేత్తో రాసినవి మనకి లేవు. ఎందుకు ఆపాడో ఊహించి ఆయన మీద నింద వెయ్యడం న్యాయం కాదు. కాని లోటు లోటే.

తాపీ ధర్మారావు 'రాలూ-రప్పలూ'ది కూడా ఇదే తంతు. శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి చదువులు, గిడుగు రామమూర్తి లాంటి గురువు, ఇదంతా మహా హుషారుగా సాగుతుంది. చిన్నపిల్లల బుద్ధి ఎలా పనిచేస్తుందో తెలుగులో ఇంత సరదాగా రాసినవాళ్ళు తక్కువ. అయితే చదువు రోజులు దాటి పుస్తకం ఎంతో దూరం పోదు. తర్వాత ఆయన 'జనవాణి' పత్రిక నడిపాడు, 1938లో 'మాలపిల్ల'కి మాటలు రాశాడు. పత్రికాఫీసులో ఏం జరిగేదో, సినిమా వాళ్ళతో బేరాలు ఎలా ఉండేవో ఆ కలంతో చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

కుర్రతనంలో చేసిన తప్పు ఒప్పుకోవడం పెద్ద కష్టం కాదు. అప్పటికి అది ముద్దుగానే ఉంటుంది. కుర్చీలో కూర్చున్నాక చేసిన పని అలా కాదు. దానికి సాక్షులుంటారు, నష్టపోయినవాళ్ళుంటారు, ఒక్కోసారి వాళ్ళ పిల్లలు మనింటికి ఇంకా పెళ్ళి పేరంటాలకి వస్తుంటారు.

అందుకే కాబోలు ఆఫీసు సంగతి తెలుసుకోవాలంటే నవల దగ్గరికే వెళ్ళాలి. రావిశాస్త్రి 'అల్పజీవి' మళ్ళీ చదివాను. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో ప్లీడరీ చేసిన మనిషి ఆయన. క్లయింట్ల గుట్లు ఏ ప్లీడరూ ఆత్మకథలో రాయలేడు. అదే సుబ్బయ్య అని పేరుపెట్టి ఒక పిరికి గుమాస్తాని నిలబెడితే ఎంతైనా చెప్పొచ్చు. బావమరిది పోరు పడలేక కాంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు చేస్తాడు సుబ్బయ్య. ఇక అక్కణ్నుంచి అతనికి నిద్ర ఉండదు. ఆఫీసరు పిలిస్తే టెన్షన్, పిలవకపోతే ఇంకా టెన్షన్. గుమాస్తాకీ కాంట్రాక్టరుకీ మధ్య డబ్బు చేతులు మారినప్పుడు ఎవరు ఎవరికి లొంగిపోతారో ఈ నవల చెప్పినంత స్పష్టంగా ఏ రిటైర్డు అధికారీ చెప్పలేదు. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) 'యజ్ఞం' నవల కాదు, పెద్ద కథ. దాంట్లోనూ ఇరుసు అప్పే. పంచాయితీలో ధర్మం మాట్లాడుతున్నట్టే ఉంటుంది, లెక్క మాత్రం తరాల మెడకు చుట్టుకుంటుంది.

'అల్పజీవి' మీద నాకో ఫిర్యాదు కూడా ఉంది. సుబ్బయ్య బుర్రలో మనం ఎంతసేపు తిరుగుతామో అతని భార్య సావిత్రి మనసులో అందులో పదో వంతు కూడా తిరగం. అతని భయం ఆమె సంసారాన్ని ఏం చేసిందో మనమే ఊహించుకోవాలి. సుబ్బయ్య జీవితంలోకి మనోరమ అనే మరో స్త్రీ వచ్చాక ఈ లోటు ఇంకా తెలుస్తుంది.

ఆ ఇబ్బంది లేని నవల ఉప్పల లక్ష్మణరావు 'అతడు-ఆమె'. భార్యాభర్తలు ఎవరి డైరీ వాళ్ళు రాసుకుంటారు, మనం రెండూ చదువుతాం. శాంతం డైరీ ముందు శాస్త్రి డైరీ కాస్త ఉపన్యాసంలా ఉంటుంది (బహుశా అది కావాలనే చేసిన పని). ఈ రచయితే వయసు మళ్ళాక 'బతుకు పుస్తకం' అని స్వీయచరిత్ర రాశాడు. జర్మనీలో వృక్షశాస్త్రం, స్విట్జర్లాండు భార్య మెల్లీ, మాస్కోలో తెలుగు అనువాదాల ఉద్యోగం, ఇన్ని మలుపులున్న జీవితం. చదవడానికి హాయిగానే ఉంది. అయినా భార్యాభర్తల మధ్య పొరపొచ్చాల గురించి నాకు నవలే ఎక్కువ చెప్పింది.

డైరీ అంటే గురజాడ గుర్తొస్తాడు. మధురవాణి చేత అంత చక్కని తెలుగు పలికించిన మనిషి తన డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఇప్పటిదాకా చెప్పినదానికి గట్టి మినహాయింపు ఒకటుంది. కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' 2012లో వచ్చింది. ఆమెది కృష్ణా జిల్లా, చివరి రోజులు గడిపింది విశాఖలో. కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, వదిలేసి వెళ్ళిన భర్త, ముందే పోయిన బిడ్డలు, అన్నీ చెప్పింది. వీటితో పాటు కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా ఉద్యోగం చేసి ఎలా బతికిందో కూడా రాసింది. ఎక్కడా గొంతు పెంచదు. అధికారం ఎప్పుడూ చేతిలో లేని మనిషి కాబట్టి దాచుకోవలసింది తక్కువేమో అనిపిస్తుంది. కాని అలా అనేస్తే ఆమె ధైర్యాన్ని తగ్గించినట్టవుతుంది. కడుపుకోత గురించి రాయడం కుర్చీ గురించి రాయడం కంటే తేలికేమీ కాదు.

ఇక మా ఊళ్ళలో ఇప్పుడు అచ్చవుతున్న జ్ఞాపకాల సంగతి. రిటైరైన మాస్టార్లు, ఉద్యోగులు సొంత డబ్బుతో వేయించి పంచుతున్నారు. మంచి పనే. మొదటి యాభై పేజీలు బ్రహ్మాండంగా ఉంటాయి. చోడి (రాగి) అంబలి, నాగావళి వరద, కిలోమీటర్ల కొద్దీ నడిచి వెళ్ళిన బడి, చదువు మాన్పించబోతే అడ్డుపడిన అమ్మ. ఉద్యోగం రాగానే ఏ ఊరికి ట్రాన్స్‌ఫర్, ఏ సంవత్సరం ప్రమోషన్, ఏ పెద్దమనిషి చేత సన్మానం. ఆఖర్న కలర్ ఫొటోలు. అమ్మా నాన్నా మొదటి అధ్యాయంలో "ఏటి గుంటడా, ఎటెళ్ళిపోనావు" అని కళింగాంధ్ర యాసలోనే మాట్లాడతారు. రచయిత మాత్రం ఆఫీసులో చేరిన రోజు నుంచి సర్క్యులర్ భాషలోకి మారిపోతాడు.

ఇదే మనుషులు టీ కొట్టు దగ్గర మాట్లాడితే వేరే లోకం తెరుచుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఆ తర్వాత నష్టం లెక్కలు రాసే పనిలో ఉన్న ఒకాయన, కూలిన చెట్లు లెక్కపెట్టడం ఎంత తిప్పలో, జాబితాలో పేరు కోసం ఎవరెవరు ఎలా వచ్చేవారో, తను ఎక్కడ గట్టిగా నిలబడ్డాడో, ఎక్కడ లొంగిపోయాడో గంటసేపు చెప్పాడు. ఆయన పుస్తకంలో ఆ తుపానుకి దక్కింది ఒక్క పేరా. అందులోనూ 'రేయింబవళ్ళు శ్రమించి' అన్న మాటే. పేర్లు మార్చి నవలగా రాయొచ్చు కదా అంటే, "నవలంటే కల్పన కదా, నాది నిజం" అన్నాడు. సరే, నవల వద్దు. రెండో ముద్రణలో ఆ గంట కబుర్లు ముప్ఫై పేజీలకి ఎక్కిస్తే చాలు, సన్మానం ఫొటోలతో సహా మళ్ళీ కొంటాను.